ఏ పరీక్షలోనూ కనిపించని లోటు

విజయవాడ సూర్యారావుపేటలో మానసిక వైద్యుల గదుల్లో తరచూ వినిపించే ప్రశ్న ఇది. "మెదడులో కెమికల్ తగ్గిందన్నారు కదా సార్, ఎంత తగ్గిందో రక్తపరీక్షలో తెలుస్తుందా?" అడిగేది చాలాసార్లు రోగి కాదు. వెంట వచ్చిన తండ్రో, భర్తో, అన్నగారో అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. షుగరుకు పరీక్ష ఉంది, థైరాయిడ్‌కు ఉంది, రక్తం తక్కువైతే హిమోగ్లోబిన్ ఎంతో అంకెతో సహా చెబుతారు. నెల నెలా డబ్బు పోసి మాత్రలు కొంటున్నవాళ్లు ఆ తగ్గినదేదో కాగితం మీద చూడాలనుకోవడంలో తప్పేముంది?

అలాంటి పరీక్ష లేదు. విజయవాడలో లేదు, హైదరాబాదులో లేదు, అమెరికాలోనూ లేదు. కుంగుబాటుతో వచ్చినవాళ్లకు డాక్టరు రక్తపరీక్షలు రాస్తారు, నిజమే. వాటి పని వేరు. థైరాయిడ్ మందగించినా, బీ12 విటమిన్ బాగా పడిపోయినా, రక్తహీనత ముదిరినా మనిషి అచ్చం కుంగుబాటు ఉన్నట్టే కనిపిస్తాడు. ముందు వాటిని తేల్చుకోవాలి. అవేవీ లేవని తేలాక డాక్టరుకు మిగిలేది రోగి చెప్పే మాటే. రెండు వారాలకు పైగా, రోజులో ఎక్కువ సేపు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, నిద్ర చెడడం, ఆకలి చెడడం, చిన్న పనికే అలసట, తానెందుకూ పనికిరానన్న ఆలోచన, బతుకు మీద విరక్తి. మన వైపు చాలామంది వీటిని ఇలా చెప్పరు కూడా. నీరసం, ఒళ్లు నొప్పులు, తల బరువు, గుండెదడ, గ్యాస్ అంటారు. దాంతో జనరల్ డాక్టరు, గుండె డాక్టరు, స్కానింగు అన్నీ అయ్యాక గానీ మానసిక వైద్యుడి దగ్గరికి రారు.

2015-16లో నిమ్హాన్స్ నడిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం పెద్దవాళ్లలో ఇరవైమందిలో ఒకరికి ఎప్పుడో ఒకప్పుడు కుంగుబాటు వచ్చింది. ఆ సర్వే జరిగిన పన్నెండు రాష్ట్రాల్లో మనది లేదు. ఆ లెక్కన చూసినా ప్రతి అపార్ట్‌మెంటులోనూ ఒకరో ఇద్దరో ఉండే జబ్బు ఇది. ఇంత మామూలు జబ్బుకు పరీక్ష లేకపోవడానికి యంత్రాల కొరత ఒక్కటే కారణం కాదు. "ఫలానా కెమికల్ తగ్గింది" అన్న వాక్యంలోనే చిక్కు ఉంది. ఆ వాక్యం ఎక్కడ పుట్టిందో, అందులో ఎంత నిజముందో చూద్దాం.

సందులో జరిగే పని

మన మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలు ఉన్నాయి. రెండు కణాలు ఎదురెదురుగా వచ్చేచోట చాలావరకు ఒకదాన్నొకటి తాకవు. మధ్యలో సన్నని సందు ఉంటుంది. తలవెంట్రుక మందాన్ని నాలుగు వేల భాగాలు చేస్తే ఒక భాగమంత. డాక్టర్లు దీన్ని సినాప్స్ అంటారు. విద్యుత్తు రూపంలో పరుగెత్తుకొచ్చిన సంకేతం ఈ సందు దగ్గర ఆగిపోతుంది. అక్కడ మొదటి కణం కొంత రసాయనాన్ని సందులోకి వదులుతుంది. అవతలి కణం మీద ఆ రసాయనాన్ని పట్టుకునే ప్రొటీన్లు ఉంటాయి, వాటిని గ్రాహకాలందాం. పట్టుకోగానే అవతలి కణం ఉత్తేజపడుతుంది, లేదా నెమ్మదిస్తుంది. ఇలా సందు దాటించే పదార్థాలకు న్యూరోట్రాన్స్‌మిటర్లని పేరు. మనం కబురు రసాయనాలు అనుకుంటే సరిపోతుంది.

కబురు అందాక ఆ రసాయనం అక్కడే ఉండిపోకూడదు. రెండు దారుల్లో అది ఖాళీ అవుతుంది. వదిలిన కణమే దాన్ని ఒక పంపులాంటి ప్రొటీనుతో తిరిగి లోపలికి లాగేసుకుంటుంది. అలా లోపలికి వచ్చినదాన్ని కొంత దాచుకుంటుంది, మిగిలినదాన్ని మోనోఎమైన్ ఆక్సిడేజ్ అనే ఎంజైము ముక్కలు చేస్తుంది. ఈ పంపునూ ఈ ఎంజైమునూ గుర్తుపెట్టుకోండి. కుంగుబాటు మందుల కథంతా వీటి చుట్టూనే తిరుగుతుంది.

కబురు రసాయనాల్లో బాగా పేరు మోసినది సెరటోనిన్. పత్రికలు దీనికి 'ఆనంద రసాయనం' అని పేరు పెట్టాయి. నాకైతే ఆ పేరు మీద కోపం. మన ఒంట్లోని సెరటోనిన్‌లో నూటికి తొంభై పాళ్లు పేగుల్లో ఉంటుంది, అక్కడ ఆనందంతో దానికి పనిలేదు, పేగుల కదలిక చూసుకుంటుంది. రక్తంలోని ప్లేట్‌లెట్లలో ఉండి గాయం దగ్గర రక్తం గడ్డకట్టడానికి సాయపడుతుంది. వాంతులు ఆగడానికి మందుల షాపులో ఇచ్చే ఆన్‌డాన్సెట్రాన్ చేసే పని ఏమిటో తెలుసా? ఒక రకం సెరటోనిన్ గ్రాహకాన్ని మూసేయడం. ఆ మాత్ర వేసుకుని ఎవరూ దిగులుపడలేదు. సెరటోనిన్‌కు ఒంట్లో పద్నాలుగు రకాల గ్రాహకాలున్నాయి, ఒక్కోచోట ఒక్కో పని.

మెదడులో సెరటోనిన్ తయారుచేసే కణాలు కొన్ని లక్షలే. మెదడు కాండం నడిమధ్యలో చిన్న గుంపుగా ఉంటాయి. కానీ వాటి తీగలు మెదడంతా పాకి ఉంటాయి. నిద్ర, ఆకలి, నొప్పి, కోపం, ఆశ అన్నిచోట్లా కాస్తంత చెయ్యి వేస్తాయి. రక్తంలోని సెరటోనిన్ మెదడులోకి పోలేదు, మెదడులోని రక్తనాళాల గోడ దాన్ని అడ్డుకుంటుంది. కాబట్టి రక్తంలో ఎంత ఉందో కొలిచినా మెదడు సంగతి ఏమీ తెలియదు. అరటిపండులో సెరటోనిన్ ఉంది కాబట్టి తింటే దిగులు పోతుందని వాట్సాప్‌లో తిరిగే సందేశాల గతీ అంతే.

మందులు ముందు, సిద్ధాంతం తర్వాత

జబ్బుకు కారణం కనిపెట్టి, దానికి తగ్గ మందు చేశారని మనం సహజంగా అనుకుంటాం. కుంగుబాటు విషయంలో వరస తిరగబడింది. మందులు అనుకోకుండా దొరికాయి. అవి మెదడులో ఏం చేస్తున్నాయో చూసి, దాన్నిబట్టి జబ్బుకు కారణాన్ని ఊహించారు.

ఈ కథలో మొదటి పాత్ర మన నేల మీదిదే. సర్పగంధ వేరును పాముకాటుకూ పిచ్చికీ నాటువైద్యులు తరతరాలుగా వాడుతున్నారు. 1931లో కలకత్తాలో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ అనే ఇద్దరు వైద్యులు ఆ వేరు రక్తపోటును తగ్గిస్తుందనీ, ఉద్రేకంలో ఉన్న రోగులను శాంతింపజేస్తుందనీ రాశారు. 1949లో బొంబాయి హృద్రోగ వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ ఒక బ్రిటిష్ పత్రికలో రాసిన వ్యాసంతో ప్రపంచం కన్ను దానిమీద పడింది. 1952లో స్విట్జర్లండ్‌లోని సీబా కంపెనీ వేరులోంచి అసలు పదార్థాన్ని విడదీసి రిసర్పిన్ అని పేరు పెట్టింది. బీపీకి అది విపరీతంగా వాడారు. వాడుతున్నవాళ్లలో కొందరు తీవ్రమైన దిగుల్లోకి జారిపోతున్నారని డాక్టర్లు రాయడం మొదలుపెట్టారు. ఇంతలో అమెరికాలో బ్రోడీ అనే శాస్త్రవేత్త బృందం రిసర్పిన్‌ను జంతువులకు ఇచ్చి చూసింది. వాటి మెదడులో సెరటోనిన్ నిల్వలు ఖాళీ అయిపోయాయి.

అదే కాలంలో న్యూయార్క్‌లోని సీ వ్యూ ఆసుపత్రిలో క్షయరోగులకు ఐప్రోనియాజిడ్ అనే కొత్త మందు ఇచ్చారు. టీబీకి మన దగ్గర ఇప్పటికీ వాడే ఐసోనియాజిడ్‌కు అది దగ్గరి చుట్టం. మంచం పట్టినవాళ్లు లేచి తిరగడం, తిండి అడగడం, నవ్వడం, వరండాల్లో నాట్యం చేయడం 1952లో పత్రికలకెక్కింది. ఊపిరితిత్తులు బాగుపడటం ఒక్కటే దీనికి కారణం కాదని కొందరికి అనిపించింది. ఐప్రోనియాజిడ్ మోనోఎమైన్ ఆక్సిడేజ్‌ను ఆపేస్తుంది, అంటే కబురు రసాయనాలు ముక్కలు కాకుండా మిగిలిపోతాయి. 1957లో అమెరికా మానసిక వైద్యుడు నేథన్ క్లైన్ దాన్ని కుంగుబాటు మందుగా ప్రకటించాడు. కాలేయాన్ని దెబ్బతీస్తోందని తర్వాత కొన్నేళ్లకే తీసేశారు. అదే 1957లో స్విస్ వైద్యుడు రోలండ్ కూన్ ఇమిప్రమిన్ గురించి చెప్పాడు. స్కిజోఫ్రెనియాకు పనికొస్తుందేమోనని ఇస్తే ఆ జబ్బు తగ్గలేదు, దిగులుగా ఉన్నవాళ్లు మాత్రం కోలుకున్నారు. ఇమిప్రమిన్ పంపును అడ్డుకుంటుందని తర్వాత తేలింది.

ఇక కూడికలు తీసివేతలు చేసేశారు. రసాయనాన్ని తగ్గించే మందు దిగులు తెస్తోంది. పెంచే మందు దిగులు పోగొడుతోంది. కాబట్టి దిగులంటే ఆ రసాయనం తగ్గడమే. 1965లో అమెరికాలో షిల్డ్‌క్రౌట్ నోరెపినెఫ్రిన్ అనే మరో కబురు రసాయనం మీద, 1967లో ఇంగ్లండ్‌లో కాపెన్ సెరటోనిన్ మీద ఈ వాదాన్ని నిలబెట్టారు. చూడటానికి ముచ్చటగా ఉంది. అయితే ఇందులో ఒక ఇటుక మొదటినుంచీ వదులుగానే ఉంది. 1955లోనే లండన్‌లో డేవిస్, షెపర్డ్ అనే వైద్యులు రిసర్పిన్‌ను ఆందోళన, దిగులు ఉన్న రోగులకు ఇచ్చి ఉత్తుత్తి మాత్రతో పోల్చి చూశారు. రిసర్పిన్ తీసుకున్నవాళ్లే మెరుగ్గా ఉన్నారు. సిద్ధాంతానికి పూర్తిగా ఎదురు ఫలితం. దాన్ని పట్టించుకున్నవాళ్లు లేరు. సైన్సులో కూడా నచ్చిన కథకు అడ్డొచ్చే సాక్షిని పక్కన కూర్చోబెట్టడం జరుగుతుంది.

1972లో అమెరికాలోని ఎలీ లిల్లీ కంపెనీలో డేవిడ్ వాంగ్, రే ఫుల్లర్, బ్రయన్ మలాయ్ సెరటోనిన్ పంపును మాత్రమే అడ్డుకునే ఒక పదార్థాన్ని గుర్తించారు. మొదలుపెట్టింది అలర్జీకి వాడే డైఫెన్‌హైడ్రమిన్ అణువు దగ్గర. అదే ఫ్లూఓక్సెటిన్. 1987 డిసెంబరులో అమెరికా ప్రభుత్వం అనుమతించింది, ప్రోజాక్ పేరుతో అమ్మారు. పాత మందుల కన్నా దుష్ఫలితాలు తక్కువ, పొరపాటున ఎక్కువ మింగినా ప్రాణాపాయం తక్కువ. ఏటా 200 కోట్ల డాలర్లకు పైగా అమ్ముడైన రోజులున్నాయి. "మీ మెదడులో రసాయనాల సమతుల్యం తప్పింది, దీన్ని సరిచేస్తాం" అన్న మాటను ఇలాంటి మందుల ప్రకటనలే ఇంటింటికీ మోసుకెళ్లాయి. అక్కణ్ణుంచి అది మన టీవీ ఆరోగ్య కార్యక్రమాల్లోకి, సూర్యారావుపేటలోకి వచ్చింది.

ప్రోజాక్ పేటెంటు కథలో మన పక్క ఊరి మనిషి ఒకాయన ఉన్నాడు. ప్రకాశం బ్యారేజీ దాటగానే వచ్చే తాడేపల్లిలో పసుపు పండించే రైతు కొడుకు కల్లం అంజిరెడ్డి. గుంటూరు ఏసీ కాలేజీలో చదివి, పుణె జాతీయ రసాయన ప్రయోగశాలలో పీహెచ్‌డీ చేసి, హైదరాబాదు ఐడీపీఎల్‌లో పనిచేసి, 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించాడు. 2001 ఆగస్టులో ఆ కంపెనీ 40 మిల్లీగ్రాముల ఫ్లూఓక్సెటిన్ క్యాప్సూళ్లను అమెరికా మార్కెట్లోకి దించింది. అక్కడి చట్టం ప్రకారం పేటెంటును సవాలు చేస్తూ ముందుగా దరఖాస్తు పెట్టిన కంపెనీకి 180 రోజులపాటు ఇతర జనరిక్ కంపెనీల పోటీ లేకుండా అమ్ముకునే హక్కు వస్తుంది. ఆ హక్కు సంపాదించిన మొదటి భారతీయ కంపెనీ అదే. మన దేశంలో 1970 నాటి పేటెంట్ చట్టం పుణ్యమా అని ఇలాంటి మందులు ఇక్కడ ముందునుంచే చవక. కుంగుబాటు మాత్ర మన మధ్యతరగతికి అందుబాటులో ఉందంటే అందులో ఆ చట్టానికీ, దాని నీడలో ఎదిగిన తెలుగు రసాయన శాస్త్రజ్ఞులకూ వాటా ఉంది.

శివారుకు నీరు చేరాలంటే

ఇప్పుడు చిక్కు దగ్గరికి వద్దాం. ఫ్లూఓక్సెటిన్, సెర్ట్రలీన్, ఎస్సిటలోప్రామ్ లాంటి మాత్రలు వేసుకున్న కొన్ని గంటల్లోనే పంపు మూతపడుతుంది. లోటే జబ్బయితే సాయంత్రానికల్లా మనిషి తేలికపడాలి. కానీ తేడా స్పష్టంగా తెలియడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఈ మధ్యకాలంలో ఏం జరుగుతోంది?

ఇంకో పరీక్షా చేశారు. సెరటోనిన్ తయారీకి ట్రిప్టోఫాన్ అనే ముడిసరుకు కావాలి, అది తిండిలోంచే రావాలి. అది లేని పానీయం తాగించి కొన్ని గంటలపాటు మెదడులో సెరటోనిన్ తయారీ పడిపోయేలా చేశారు. ఎప్పుడూ కుంగుబాటు లేని ఆరోగ్యవంతులకు దిగులు రాలేదు. సెరటోనిన్ పంపును అడ్డుకునే మాత్రలతో కోలుకున్నవాళ్లలో మాత్రం చాలామందికి తాత్కాలికంగా తిరగబెట్టింది. అంటే తగ్గడం ఒక్కటే చాలదు, దానివల్ల దెబ్బతినే స్థితిలో మెదడు ముందే ఉండాలి. 2022లో లండన్ పరిశోధకురాలు జోఅన్నా మాంక్రీఫ్ బృందం అంతవరకూ వచ్చిన సమీక్షలన్నీ కలిపి చూసి, సెరటోనిన్ లోటువల్ల కుంగుబాటు వస్తుందనడానికి నిలకడైన సాక్ష్యం లేదని రాసింది. అదే ఏడాది లండన్‌లోనే ఇంపీరియల్ కాలేజీ వాళ్లు పదిహేడు మంది రోగుల మెదళ్లను స్కాన్ చేసి, ఆరోగ్యవంతుల కంటే వాళ్లలో సెరటోనిన్ విడుదల తక్కువగా ఉందన్నారు. చిన్న అధ్యయనం. వాదన ఇంకా నడుస్తోంది.

కృష్ణా డెల్టా రైతుకు ఈ చిక్కు కొత్తగా అనిపించదు. ప్రకాశం బ్యారేజీ దగ్గర నీటిమట్టం నిండుగా ఉంటుంది. పులిగడ్డ అక్విడెక్టు దాటి దివిసీమలో కోడూరు, నాగాయలంక శివారు పొలాలు మాత్రం బీటలు వారుతుంటాయి. నీళ్లు లేవని రైతు గొడవ. నీళ్లు వదిలామని అధికారుల జవాబు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. కాలువలో పూడిక పేరుకుంది, గుర్రపుడెక్క అల్లుకుంది, తూములు విరిగాయి, బోదెలు మట్టితో నిండాయి. పట్టిసీమనుంచి గోదావరి నీళ్లు తెచ్చి పైన మట్టం పెంచితే కొంత మేలు జరుగుతుంది, దారి సగం తెరిచి ఉన్నచోట పొలం తడుస్తుంది. పూర్తిగా పూడినచోట ఎంత వదిలినా అంతే. వేసవిలో కాలువలు కట్టేసి పూడిక తీస్తేనే పని జరుగుతుంది, దానికి వారాలు పడుతుంది.

మెదడులోనూ చూడాల్సింది దారులనే అని ఇప్పుడు చాలామంది శాస్త్రవేత్తల అభిప్రాయం. దీర్ఘకాలం ఒత్తిడిలో ఉంచిన జంతువుల మెదడులో, ముఖ్యంగా జ్ఞాపకాలకు ఆధారమైన హిప్పోకాంపస్‌లో, నాడీకణాల కొమ్మలు కురచబారతాయి, సందుల సంఖ్య తగ్గుతుంది. మళ్లీ మళ్లీ కుంగుబాటు వచ్చిన మనుషుల్లో ఆ భాగం సగటున కాస్త చిన్నదిగా కనిపిస్తుంది. కొమ్మలు తిరిగి చిగురించడానికి బీడీఎన్ఎఫ్ అనే ప్రొటీను కావాలి. కుంగుబాటు మందులు కొన్ని వారాలు వాడితే అది పెరుగుతుంది. 2021లో ఫిన్లండ్ శాస్త్రవేత్తలు మరో మాట చెప్పారు. ఈ మందులు బీడీఎన్ఎఫ్‌ను పట్టుకునే గ్రాహకానికే నేరుగా అతుక్కుంటున్నాయట. అదే రుజువైతే సెరటోనిన్ పెరగడం అసలు పని కాకుండా పక్కపనిగా మిగలవచ్చు. డెల్టా పోలిక ఇక్కడ తెగిపోతుందని ఒప్పుకోవాలి. కాలువ తన పూడిక తాను తీసుకోదు. మెదడు తీసుకుంటుంది.

కెటమిన్ అనే మత్తుమందు ఈ ఆలోచనకు బలమిచ్చింది. 2000లో యేల్ విశ్వవిద్యాలయం వాళ్లు కొద్దిమంది రోగులకు తక్కువ మోతాదులో ఎక్కిస్తే వారాలు కాదు, గంటల్లోనే, మహా అయితే రెండు మూడు రోజుల్లో తేలికపడ్డారు. కెటమిన్ ప్రధానంగా పనిచేసేది సెరటోనిన్ మీద కాదు, గ్లుటమేట్ అనే మరో కబురు రసాయనం గ్రాహకం మీద. ఎలుకల్లో చూస్తే ఒక రోజులోనే కొత్త సందులు మొలుస్తున్నాయి. దాని మరో రూపమైన ఎస్‌కెటమిన్‌ను ముక్కులో కొట్టే స్ప్రేగా 2019లో అమెరికా అనుమతించింది, మిగతా మందులకు లొంగనివాళ్ల కోసం, డాక్టరు కళ్లముందు మాత్రమే.

ఒకే వరద, వేరువేరు మనుషులు

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం, వాంబే కాలనీ రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. కరెంటు లేదు, తాగునీరు లేదు, మంచాలు, బీరువాలు, పిల్లల పుస్తకాలు బురదపాలు. ఇలాంటి విపత్తుల తర్వాత ప్రపంచంలో ఎక్కడ అధ్యయనం చేసినా ఒకటే కనిపిస్తుంది. ఎక్కువమంది కొన్ని నెలల్లో కుదుటపడతారు. కొందరు పడరు. ఒకే వీధి, ఒకే నీళ్లు, ఒకే నష్టం. ఈ తేడా ఎక్కడిది?

ప్రమాదం ఎదురైనప్పుడు మెదడు అడుగున ఉన్న హైపోథలమస్ ఒక సంకేతం పంపుతుంది, పిట్యూటరీ గ్రంథి దాన్ని అందుకుంటుంది, మూత్రపిండాల మీది ఎడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ వదులుతాయి. గుండె వేగం, చక్కెర, చురుకు అన్నీ పెరుగుతాయి. ప్రమాదం పోగానే కార్టిసాల్ తన తయారీని తానే ఆపమని మెదడుకు చెబుతుంది. అప్పు తీరక, ఇల్లు కుదరక, నిద్ర పట్టక ఒత్తిడి నెలల తరబడి సాగితే ఈ ఆపే ఏర్పాటు మొద్దుబారుతుంది. తీవ్రమైన కుంగుబాటు ఉన్నవాళ్లలో చాలామందికి కార్టిసాల్ ఎక్కువగా ఉండటం దశాబ్దాలుగా చూస్తున్నారు. హిప్పోకాంపస్ కొమ్మలు కురచబారడంలో ఈ కార్టిసాల్ దెబ్బకు పెద్ద పాత్రే ఉంది. చిన్నతనంలో హింసనో నిరాదరణనో చవిచూసినవాళ్లలో ఈ ఏర్పాటు ముందే దెబ్బతిని ఉంటుంది, చిన్న కుదుపుకే గట్టిగా స్పందిస్తుంది.

వంశపారంపర్యమూ ఉంది. కవలల మీద జరిపిన పరిశోధనలను బట్టి మనుషుల మధ్య ఈ జబ్బు విషయంలో కనిపించే తేడాలో నూటికి 37 వంతులు జన్యువులదని అంచనా. అంటే మిగతాది, ఎక్కువ భాగం, బతుకుది. సెరటోనిన్ పంపు జన్యువే దోషి అని 2003లో ఒక పరిశోధన పెద్ద సంచలనం చేసింది. 2019లో లక్షల మంది సమాచారంతో సరిచూస్తే ఆ సంచలనం నిలవలేదు. ఒక్క జన్యువు కాదు, వందల జన్యువులు, ఒక్కొక్కటీ ఆవగింజంత ప్రభావంతో.

ఒంట్లో వాపు, అంటే రోగనిరోధక వ్యవస్థ ఉద్రేకం, మరో దారి. హెపటైటిస్ సీ రోగులకు ఇంటర్‌ఫెరాన్ సూదులు ఇచ్చే రోజుల్లో, అంతకుముందు ఏ దిగులూ లేనివాళ్లు సైతం వారాల్లో కుంగిపోవడం డాక్టర్లు చూశారు. బాలింతల సంగతి మళ్లీ వేరు. ప్రసవం కాగానే ఎల్లోప్రెగ్ననలోన్ అనే పదార్థం ఒక్కసారిగా పడిపోతుంది. మెదడును నెమ్మదింపజేసే గాబా అనే కబురు రసాయనానికి అది తోడు. ఆ దారిలోనే పనిచేసే జురనలోన్ అనే మాత్ర 2023లో అమెరికాలో వచ్చింది, పద్నాలుగు రోజులే వాడాలి. పురిటికొచ్చిన పిల్ల పొద్దస్తమానం ఏడుస్తుంటే "అత్తారింటి మీద బెంగ" అని తీసిపారేసే తల్లులు ఈ సంగతి తెలుసుకుంటే బాగుండును.

ఇన్ని దారుల్లో వచ్చేదాన్ని ఒకే పేరుతో పిలుస్తున్నాం. అందుకే ఒకరికి పనిచేసిన మాత్ర పక్కింటివారికి పనిచేయదు.

చేతిలో చీటీ ఉన్నప్పుడు

మరి లోటు సిద్ధాంతం నిలవకపోతే మాత్రలన్నీ మోసమా? 2022లో మాంక్రీఫ్ బృందం సమీక్ష వచ్చాక చాలామంది అలాగే అనుకున్నారు, కొందరు చెప్పకుండా మందులు మానేశారు కూడా. రెండూ వేరువేరు ప్రశ్నలు. మందు ఎలా పనిచేస్తోందన్నది ఒకటి, పనిచేస్తోందా లేదా అన్నది మరొకటి. రెండోదానికి జవాబుంది. 2018లో లాన్సెట్ పత్రికలో 21 రకాల మందుల మీద, 522 పరీక్షలను, లక్షా పదహారు వేల మందికి పైగా రోగులను కలిపి లెక్కించారు. అన్ని మందులూ ఉత్తుత్తి మాత్ర కన్నా మెరుగే. అయితే తేడా ఓ మోస్తరు. ఎనిమిది వారాల్లో మందు తీసుకున్నవారిలో సుమారు సగం మందికి గుణం కనిపిస్తే, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారిలో నూటికి ముప్పైఅయిదు నలభై మందికి కనిపిస్తుంది. జబ్బు తీవ్రంగా ఉన్నవాళ్లకు మందుల అవసరం ఎక్కువ. తేలికపాటి కుంగుబాటుకు మాటల వైద్యం, కౌన్సెలింగు, ముందు ప్రయత్నించదగ్గవి.

మన చీటీల్లో ఒక విశేషం ఉంది. ఎస్సిటలోప్రామ్, క్లోనజెపామ్ కలిపిన మాత్ర ఇక్కడ చాలా మామూలు. మొదటి రాత్రే హాయిగా నిద్రపట్టిందంటే అది క్లోనజెపామ్ పని. ఎస్సిటలోప్రామ్ ఇంకా మొదలే కాలేదు. రెండు వారాలయ్యాక రోగి "మందు బాగా పడింది" అని తానే దుకాణంలో కొనుక్కుంటూ పోతాడు. అలవాటు పడేది క్లోనజెపామ్‌కు. అది ఎన్నాళ్లు వాడాలో, ఎప్పుడు తగ్గించాలో డాక్టరును మొదటిరోజే అడిగేయడం మేలు.

కుంగుబాటు మాత్రలకు ఆ రకం వ్యసనం లేదు గానీ, హఠాత్తుగా ఆపితే కళ్లు తిరగడం, వికారం, తలలో కరెంటు కొట్టినట్టుండటం వంటివి వస్తాయి. వాటిని చూసి జబ్బు తిరగబెట్టిందనుకుంటారు. కోలుకున్నాక కూడా ఆరు నెలల పైచిలుకు కొనసాగించి, ఆ తర్వాత మెల్లగా తగ్గిస్తారు. పాతికేళ్లలోపు వారిలో మొదటి వారాల్లో కొద్దిమందికి అశాంతి, చావు ఆలోచనలు పెరగవచ్చని అమెరికా ప్రభుత్వం 2007 నుంచి మందు సమాచార పత్రం మొదట్లోనే హెచ్చరిక వేయిస్తోంది. విజయవాడ చుట్టూ హాస్టళ్లలో ఇంటర్ చదివే పిల్లల తల్లిదండ్రులు ఇది తెలుసుకోవాలి. మందు మొదలుపెట్టిన మొదటి నెల పిల్లను లేదా పిల్లవాణ్ణి ఇంటి దగ్గర ఉంచుకోగలిగితే మంచిది. ఏ వేళలోనైనా మాట్లాడటానికి 14416 నంబరుంది, 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్, తెలుగులోనూ పలుకుతుంది.

మనకు తూర్పున, పశ్చిమ గోదావరిలో జరిగిన ఒక ప్రయత్నంతో ఈ అధ్యాయం ముగిస్తాను. జార్జ్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు అక్కడ స్మార్ట్ మెంటల్ హెల్త్ అనే పథకం పెట్టారు. ఆశా కార్యకర్తల చేతికి ట్యాబ్ ఇచ్చారు. వాళ్లు ఇంటింటికీ వెళ్లి తొమ్మిది ప్రశ్నలు అడిగారు. మార్కులు సున్నానుంచి ఇరవైఏడు దాకా. ఎక్కువ వచ్చినవాళ్లను ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పంపారు, అక్కడి డాక్టరుకు ఏం చేయాలో ట్యాబ్ సూచించేది. మందు ఆపేశారా, మళ్లీ వెళ్లారా అని ఆశా కార్యకర్త కనుక్కుంటూ ఉండేది. ఈ జబ్బు గురించి సిగ్గుపడనక్కర్లేదని ఊళ్లో ప్రచారమూ చేశారు. హర్యానాలోనూ కలిపి 44 ఆరోగ్య కేంద్రాల పరిధిలో మామూలు వైద్యంతో దీన్ని పోల్చి చూశారు. ఏడాది తర్వాత ఈ పద్ధతి నడిచిన ఊళ్లలో రోగుల మార్కులు తక్కువగా ఉన్నాయి, కోలుకున్నవాళ్లు ఎక్కువగా ఉన్నారు. 2024లో ఫలితాలు అచ్చయ్యాయి. అక్కడ ఎవరి రక్తంలోనూ సెరటోనిన్ కొలవలేదు. కొలిచింది ఆ తొమ్మిది ప్రశ్నల జవాబులే.